మాంట్రియల్‌లో నా నుంచి దిగిపోయిన మనిషి

నేను బ్రబామ్ బీటీ49ని. గోర్డన్ ముర్రే రూపకల్పన చేసిన రేసు కారును. వెనక కాస్వర్త్ వి8 ఇంజిన్. 1979 సెప్టెంబరు చివర్లో, కెనడా గ్రాండ్ ప్రీ కోసం, మాంట్రియల్‌లో తొలిసారి రేసులోకి దింపారు. నా డ్రైవరు నికీ లాడా, 1975లోనూ 1977లోనూ ప్రపంచ చాంపియన్.

శుక్రవారం ప్రాక్టీసులో కాసేపు తిప్పి నన్ను పిట్‌కు తెచ్చాడు. దిగాడు. యజమాని బెర్నీ ఎకిల్‌స్టన్‌తో ఇక రేసులు చాలించానని చెప్పి వెళ్లిపోయాడు. వయసు ముప్ఫై. ఆదివారం ఆయన సీట్లో అర్జెంటీనా డ్రైవరు రికార్డో జునినో కూర్చున్నాడు.

ఎందుకు మానేశాడు? అందరి నోటా అదే ప్రశ్న. భయపడ్డాడన్నారు కొందరు. నేనొప్పుకోను. 1976 ఆగస్టు 1న నూర్‌బర్గ్‌రింగ్‌లో మంటల్లో చిక్కి చావు అంచుదాకా వెళ్లిన మనిషి, ఆరు వారాలకే మోంజాలో ఫెరారీ ఎక్కి నాలుగో స్థానంలో నిలిచాడు. భయం లేక కాదు, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నడపడం తెలిసి. అదే ఏడాది ఫుజీలో వానకు దారి కనపడనప్పుడు మాత్రం రెండు ల్యాపులకే ఆపేశాడు. ఒక్క పాయింటు తేడాతో టైటిల్ జేమ్స్ హంట్‌కు పోయింది. మనసు వద్దన్నాక ఎంత పెద్ద బహుమతి ఎదురున్నా ఆగగలిగినవాడాయన.

నాకు ముందున్న బీటీ48 తరచూ చెడిపోయేది, దానితో విసిగిపోయాడన్నారు ఇంకొందరు. అది నిజమే. కానీ నేను వేగమైన కారును. ఆ వారాంతంలోనే నా తోటి కారుతో నెల్సన్ పికే నాలుగో స్థానం నుంచి రేసు మొదలుపెట్టాడు. లోపం నాలో లేదు.

గుండ్రంగా తిరిగి తిరిగి విసుగొచ్చిందని ఆయనే చెప్పాడు. ఆ మాటే నమ్ముతాను. అప్పటికే ఆయన మనసు విమానాల మీదికి మళ్లింది. ఆయన విమాన సంస్థ లాడా ఎయిర్ పుట్టిందీ ఆ ఏడాదే. సగం మనసుతో నడిపేవాడు తనకే కాదు, పక్క కారులోవాడికీ ప్రమాదం. జీతం కోసమో పేరు కోసమో ఇంకో ఏడాది ఈడ్చుకురాకపోవడం ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఇక ఆయన పనైపోయిందని తేల్చేశారు. కానీ తపన ఇసుకలో తవ్విన చెలమలాంటిది. తోడుతూపోతే అడుగు తేలుతుంది, కొన్నాళ్లు వదిలేస్తే మళ్లీ ఊరుతుంది. 1982లో మెక్‌లారెన్ జట్టు అధిపతి రాన్ డెనిస్ పిలుపుతో ఆ జట్టులోకి తిరిగొచ్చి, మూడో రేసుకే లాంగ్ బీచ్‌లో గెలిచాడు. విమాన సంస్థకు డబ్బు కావాలి కనుకే వచ్చాడన్నారు. డబ్బూ ఒక కారణం కావచ్చు. కానీ 1984 చివరి రేసు చూడండి. ఎస్టోరిల్‌లో పదకొండో స్థానం నుంచి మొదలుపెట్టాడు. జట్టులోనే ఉన్న ఆలన్ ప్రోస్ట్ ముందు దూసుకుపోతున్నాడు. రెండో స్థానమైనా దక్కకపోతే టైటిల్ ప్రోస్ట్‌దే. ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాడు. తన ముందున్న డ్రైవరు మాన్సెల్ కారుకు బ్రేకులు మొరాయించడంతో రెండో స్థానం చిక్కింది. లాడాకు 72 పాయింట్లు, ప్రోస్ట్‌కు 71.5. డబ్బు కోసం మాత్రమే వచ్చినవాడు ఆ అర పాయింటు కోసం అంతలా పోరాడడని నా గట్టి నమ్మకం.