పదమూడోవాడు డ్రైవరైతే

కోడంబాక్కంలో సినిమా కంపెనీ వ్యానెక్కిన జూనియర్ ఆర్టిస్టుకి బఫర్ ఓవర్‌ఫ్లో గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పన్నెండు సీట్లు, ముప్పై మంది. మనుషులం కాబట్టి ఒకరి ఒళ్లో ఒకరం సర్దుకుంటాం. ప్రోగ్రాముకి ఆ మర్యాద తెలీదు. పదమూడోవాడు జరిగి జరిగి డ్రైవర్ సీట్లో కూర్చుంటాడు. ఇక వ్యాన్ వెళ్లేది స్టూడియోకి కాదు, వాడు చెప్పిన చోటికి.

ఫైళ్లు పంపే సర్వర్లో జరిగేదీ ఇదే. యూజర్ పేరు అడుగుతుంది. దొంగ రెండు వేల అక్షరాల పేరు చెబుతాడు. లోపల ఉన్నది రెండొందలకి చోటు, దాన్నే బఫర్ అంటారు. మిగిలినవి పొంగి, పనయ్యాక ప్రోగ్రాము తిరిగెళ్లాల్సిన చిరునామాని చెరిపేస్తాయి. అక్కడ దొంగ తన అడ్రసు రాసుకుంటాడు.

వెయ్యడుగుల రీలు డబ్బాలో పన్నెండొందల అడుగులు కుక్కితే మూత పడదని ల్యాబ్ కుర్రాడికి తెలుసు. లక్షల జీతం తీసుకునే ప్రోగ్రామరు మహాశయుడికే తెలీదు!

పాపం, కొత్త జబ్బనుకునేరు. 1988 నవంబరు 2న మోరిస్ వార్మ్ అనే ఇంటర్నెట్ పురుగు దూరిన కంతల్లో ఇదొకటి: 512 బైట్ల చోటు, కొలత అడగని 'గెట్స్' ఫంక్షను. దాన్ని సి భాష ప్రమాణం నుంచి గెంటడానికి 2011 దాకా ముహూర్తం కుదరలేదు.

ఈలోగా 2010లో ప్రోఎఫ్‌టీపీడీ అనే ఫైల్ సర్వర్లో ఇదే రకం కంత బయటపడింది. లాగిన్ కూడా అక్కర్లేదు, గుమ్మంలో నిలబడే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. అక్టోబరు చివర 1.3.3సి అని మందు వదిలారు. నవంబరు 28న ఆ మందు పంచే సర్వర్లోకే దొంగలు దూరి, సీసాలోనే విషం కలిపారు. డిసెంబరు 1న గాని కనిపెట్టలేదు. అప్పటిదాకా జబ్బు తగ్గాలని మందు తెచ్చుకున్నవాళ్ల ఇళ్లకే దొడ్డితలుపు పెట్టారు.

మన నిర్మాతలు తక్కువ తిన్నారా? హీరోగారి కారవాన్లో ఏసీ ఆగితే షూటింగ్ ఆగుతుంది. సినిమా ఫైళ్లు దాచిన సర్వరు అప్‌డేట్ మాట ఎత్తితే మాత్రం "రిలీజయ్యాక చూద్దాం" అంటారు. అలాగే చూస్తారు, ఊరంతా చూసేశాక! అప్పుడు మొరలు మొదలు: హ్యాకరు, కుట్ర, పోలీసు కంప్లయింటు.

ప్రోగ్రామర్లూ, తీసుకునేముందు కొలవండి. నిర్మాతలూ, మీ సర్వరు ఏ వెర్షనో ఈ సాయంత్రమే అడిగి తెలుసుకోండి. చెప్పలేకపోతే, మీ వ్యాన్ ఎవరు నడుపుతున్నారో మీకు తెలీదన్నమాట.