మొదటింటాయన

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఇళ్ళ యజమానుల అసోసియేషన్ (హెచ్‌ఓఏ) ఉన్నచోట ఈయన మహిమ బయటపడదు. అక్కడ దారి ఖర్చు నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది. ఈయన్ని చూడాలంటే అసోసియేషన్ లేని, నాలుగిళ్ళకూ కలిపి ఒకే తారు దారి ఉన్న సందుకి వెళ్ళాలి. పెద్ద రోడ్డు మీంచి తిరగ్గానే వచ్చే గరాజు ఈయనది.

చలికాలమంతా ఈయన బంగారం. చిక్కల్లా మార్చితోనే. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు రాత్రి గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి, రాత్రికి మళ్ళీ ఉబ్బుతాయి. ఆ దెబ్బకి తారు పెచ్చులూడి గుంటలు పడతాయి. ప్రైవేటు దారి కాబట్టి విలేజీ (ఇక్కడి మున్సిపాలిటీ) మరమ్మతు బండి లోపలికి రాదు. ఏప్రిల్‌లో తారు ప్లాంట్లు తెరవగానే కాంట్రాక్టరు కొటేషన్ వాట్సాప్ గ్రూపులోకొస్తుంది. అందరూ బొటనవేలెత్తుతారు. ఈయన మాత్రం పైజమా మీద చలికోటు తగిలించుకుని, టేపు పుచ్చుకుని బయటికొస్తాడు.

"చూడండీ, నా చక్రాలు తొక్కేది ఇరవై రెండడుగులు. నాలుగో ఇంటివాళ్ళు నూట నలభై తొక్కుతున్నారు. సమాన వాటా అంటే న్యాయమేనా?"

సాయంత్రానికి ఎక్సెల్ షీటు తయారు. అడుగులెన్ని, కార్లెన్ని, వారానికి ఎన్నిసార్లు తిరుగుతాయి, ఒక్కో కారు బరువెంత. నాలుగో ఇంటి కామ్రీ కంటే ఈయన టెస్లా మోడల్ వై ఇంచుమించు వెయ్యి పౌండ్లు ఎక్కువ తూగుతుందని మూడో ఇంటావిడ గుర్తుచేశాక, బరువు కాలమ్ మాయమవుతుంది.

లెక్క ఓడితే చట్టం దిగుతుంది. "దారి నా స్థలంలోంచే పోతోంది. హక్కు వాడుకునేవాడే మరమ్మతు పెట్టుకోవాలి. మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, 25వ సెక్షన్ చదువుకోండి!" సెక్షన్ నిజమే. ఇక్కడి కోర్టులదీ, రాతకోతలు లేనప్పుడు, దాదాపు అదే దారి. కానీ ఈ దారికి రాతకోతలున్నాయి. కుక్ కౌంటీ క్లర్కు ఆఫీసులో రికార్డయిన ఒప్పందం ప్రతిని మూడో ఇంటావిడ తెప్పిస్తుంది. ఖర్చు నాలుగు సమాన వాటాలు. ఇల్లు కొన్ననాడు కాగితాల కట్టలో దాన్నీ ఈయన చేతికిచ్చారు.

"ఆ రోజు సంతకాలు పెట్టీ పెట్టీ చెయ్యి పడిపోయిందమ్మా. దేనికి పెట్టానో ఆ దేవుడికే తెలియాలి."

ఇంతకీ ఈయన పిసినారా అంటే, అబద్ధమాడితే కళ్ళు పోతాయి. డెవాన్ అవెన్యూలో పదిమంది బిర్యానీ తింటే బిల్లు మీద ఇంకో చెయ్యి పడనివ్వడు. ఆరోరా వేంకటేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తాడు. సొంతూళ్ళో రామాలయం ముందు సిమెంటు రోడ్డు వేయించాడు, దాని మొదట్లో తాతగారి పేరుతో నల్లరాతి ఫలకం నిలబెట్టాడు. ఆ రోడ్డు మీద ఈయన చక్రాలు రెండేళ్ళకోసారి తిరిగితే గొప్ప. అక్కడ అడుగుల లెక్క అడిగినవాడు లేడు.

ఇవ్వడానికి ఈయనకి బాధ లేదు. బాకీ ఉండటమే బాధ. దానం చేస్తే నలుగురూ దణ్ణం పెడతారు. వాటా కడితే "అందింది" అని ఒక్క మాట వస్తుంది, అదీ డబ్బు పంపుకునే వెన్మో యాప్‌లో. పైగా నాలుగోవంతు తారు మీద ఎవరి పేరు చెక్కించుకోవాలి?

ఈ కిటుకు మూడో ఇంటావిడకి తెలుసు. ఓ ఆదివారం ఉగాది పులిహోర గిన్నెతో వచ్చి, "అన్నయ్యగారూ, ఈ కాంట్రాక్టర్లతో బేరమాడటం మావల్ల కావట్లేదు. మీ చేతి మీదుగా అయితేనే పని నిలుస్తుంది" అంటుంది.

అంతే! మర్నాటి నుంచి మూడు కొటేషన్లు, అందులో రెండింటికి బేరం. పని నాడు లీవు పెట్టి రోలరు వెనకాలే నడుస్తాడు. కొత్త తారు కొన్ని నెలలు ఆరనిదే సీల్‌కోటు వేయకూడదని పోస్టుమ్యాన్‌కి కూడా వివరిస్తాడు. డబ్బంతా ముందు తన జేబులోంచే కట్టేశాడు.

వారం తిరిగేసరికి నాలుగో ఇంటాయన ఫోను చేశాడు. "అన్నగారూ, వేసవంతా మేం ఇండియాలో ఉంటాం కదా, మా వాటా కాస్త తగ్గిస్తే..."

మొదటింటాయన గొంతు సవరించుకున్నాడు.

"అగ్రిమెంటు చదివారా మీరు? నాలుగు సమాన వాటాలండీ!"