మీ దిగులు మా ఆస్తి

ఒకప్పుడు మనసు బాగోలేదంటే అది ఇంటి గుట్టు. ఎర్రగడ్డ ఆసుపత్రికి బస్సెక్కితే సనత్‌నగర్‌లో చుట్టాలున్నారని బొంకాలి. విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి వైపు వెళ్తూ కనబడితే బీచికి వెళ్తున్నామనాలి. మందుల చీటీ బీరువాలో పట్టుచీర మడతల్లో ఉండేది. ఇప్పుడా తిప్పలు లేవు. దుప్పటి ముసుగేసుకుని యాప్ తెరిస్తే కౌన్సెలర్ ప్రత్యక్షం. విషయం పక్కింటి పిన్నిగారి చెవిన పడదు. ఫేస్‌బుక్ చెవిన పడుతుంది, అంతే.

అమెరికాలో బెటర్‌హెల్ప్ అని ఓ ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీ ఉంది. చేరేవాళ్లను ముందు కొన్ని ప్రశ్నలడుగుతుంది: దిగులుగా ఉంటోందా, ఇదివరకు ఎవరికైనా చూపించుకున్నారా, అని. చెప్పినవి గడప దాటవని మాటిచ్చింది. అక్కడి ఆరోగ్య గోప్యతా చట్టం పేరిట ఓ ముద్ర కూడా తగిలించుకుంది. ఆ ముద్ర ఏ సర్కారూ పరిశీలించి వేసింది కాదు, సొంత అలంకారం. ఆ తర్వాత ప్రకటనల కోసం ఈమెయిళ్లూ, ఐపీ అడ్రసులూ, కొన్ని జవాబులూ ఫేస్‌బుక్, స్నాప్‌చాట్, పింటరెస్ట్‌లకూ, క్రిటియో అనే ప్రకటనల కంపెనీకీ చేరాయి. దీనిమీద అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన ఫిర్యాదులో నాకు బాగా నచ్చిన పాత్ర ఒకటుంది. ఫేస్‌బుక్ ప్రకటనల వ్యవహారం చాలావరకు తేల్చే అధికారం ఓ జూనియర్ ఉద్యోగికి అప్పజెప్పారట. ఆ ఉద్యోగి అప్పుడే కాలేజీ దాటి, మార్కెటింగ్ పని ఎన్నడూ చెయ్యని శాల్తీ. అంతమంది ఏడుపుల తాళాలగుత్తి అక్కడ వేలాడింది! 2023లో 78 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. రాజీపడ్డాం గానీ తప్పు చెయ్యలేదని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. నిజమే, డబ్బు కట్టడం వేరు, సిగ్గుపడటం వేరు.

సెరెబ్రల్ అనే మరో కంపెనీ ఇంకాస్త సంప్రదాయం తెలిసింది. వెబ్‌సైట్లో, యాప్‌లో బయటి కంపెనీల ట్రాకర్లు పెట్టి సుమారు 32 లక్షల మంది వివరాలు చేరవేసింది సరే, 6,000 మందికి పైగా రోగులకు పేర్లతో సహా ప్రచారపు పోస్టుకార్డులు పంపింది. కవర్లు లేవు. ఏ జబ్బుకు ఏం వైద్యమో కార్డు తిప్పి చూసినవాళ్లకు తెలిసిపోయే భాష. కార్డు మర్యాదలు మనకు కొత్తా? శుభవార్తయితే మూలలకు పసుపు, చావుకబురయితే మూల చింపుడు. ఆందోళన జబ్బుకు ఏ మూల ఏం చెయ్యాలో మన పెద్దలు చెప్పకుండానే పోయారు. 2024లో ఈ కంపెనీకీ 70 లక్షల డాలర్ల పైచిలుకు వదిలింది.

అడిగితే ఏ కంపెనీ అయినా చూపించేది ఒక్కటే: ‘నిబంధనలు చదివాను, అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో మీరు పెట్టిన టిక్కు. అర్ధరాత్రి రెండింటికి ముక్కు చీదుకుంటూ, ఎవరితోనైనా మాట్లాడితే చాలని తెరిచిన మనిషి ఆ షరతులన్నీ క్షుణ్ణంగా చదివాడని వాళ్ల నమ్మకం. ముందు ఆ నమ్మకానికి చికిత్స చేయించాలి.

అమెరికా గోల మనకెందుకంటారా? మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ సంగతి 2017లోనే ఊహించింది. రోగి అనుమతి లేకుండా ఫొటో గానీ, చికిత్స వివరాలు గానీ మీడియాకు ఇవ్వకూడదనీ, డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ ఈ గోప్యత వర్తిస్తుందనీ సెక్షన్ 24లో రాసిపెట్టింది. రీల్స్ చేసే మన కౌన్సెలర్లు కొందరు ఆ సెక్షన్ చదివే ఉంటారు. అందుకే పేర్లు చెప్పరు. "మొన్న మా దగ్గరికి ఒకావిడ వచ్చారండీ. పేరొద్దు, అది మా వృత్తిధర్మం. భీమవరంలో బంగారుకొట్టు వాళ్ల చిన్నకోడలు, కవలపిల్లలు, ఆయన దుబాయ్‌లో ఉంటారు..." అని మాత్రం ఊరిస్తారు.

పేరు కింద కామెంట్లలో భీమవరం వాళ్లే పెట్టేస్తారు.