షుగరుకే టోపీ పెడదాం రండి

మా పల్నాడు పిడుగురాళ్లలో షుగరు లేనివాడికి ఈ మధ్య పెద్దమనుషుల్లో విలువ తగ్గిపోయింది. పెళ్లి పందిట్లో నలుగురు చేరితే చాలు, "నాకు రెండొందల ఎనభై" అని ఒకాయన మొదలుపెడతాడు. "ఓస్, అంతేనా! నాకు పోయిన నెల మూడొందల నలభై" అని రెండో ఆయన మీసం దువ్వుతాడు. మూడొందల నలభైకి కుర్చీ జరిపి, ఫ్యాను అటు తిప్పి పెడతారు. తొంభై అయిదు ఉన్నవాడు ఎవడైనా ఖర్మకాలి ఆ గుంపులో ఇరుక్కుంటే మంచినీళ్ల సీసాలు అందిస్తూ కూర్చోవాలి.

బలగం ఎటుంటే మర్యాదా అటే కదా. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి దేశమంతా తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2023 జూన్‌లో లాన్సెట్ వాళ్ల పత్రికలో అచ్చయ్యాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందట. ఇంకో 13.6 కోట్ల మంది గడప మీద నిలబడి ఉన్నారట. ఇంత ఓటు బ్యాంకు పెట్టుకుని కూడా మనం ఒక్క పార్టీ చేతనైనా మేనిఫెస్టోలో ఫుట్‌పాత్ రాయించుకోలేకపోయాం.

గడప మీద ఉన్నవాళ్లు తమ గురించి "మనది బోర్డరే" అని చెప్పుకుంటారు. వాళ్ల ధీమా చూస్తే, షుగరు కూడా రాష్ట్ర సరిహద్దున పొందుగల చెక్‌పోస్టు దగ్గర లారీలా కాగితాలు చేతపట్టుకుని అక్కడే ఆగిపోయి ఉంటుందనిపిస్తుంది. బోర్డరంటే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 5.7 నుంచి 6.4 దాకా. 6.5 వచ్చిందంటే దాటేసినట్టే. ఈ మధ్యలో ఉన్నప్పుడే తిండి, నడక సరిచేసుకుంటే ఏమవుతుందో మన దేశంలోనే చూశారు. 2006లో వెలువడిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ లెక్కల్లో, అలా మార్చుకున్నవాళ్లకి షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మాత్ర మింగినవాళ్లకి తగ్గిందీ ఇంచుమించు అంతే. అయితే నడక ఉచితం. ఉచితంగా దొరికే వైద్యం మీద మనకి గురి కుదరదు.

బోర్డర్ దాటాకే మన అసలు ప్రతిభ బయటపడేది. షుగరుతో సర్దుకుని బతకడం మనకి నామోషీ. దానికి టోపీ పెట్టాలి. ఎల్లుండి డాక్టరు దగ్గరికి పోవాలనగా ఇవాళ్టి నుంచే ఇంట్లో దీక్ష మొదలు. రాత్రికి రెండే పుల్కాలు, పొద్దున్నే గంట నడక, టీలో చక్కెర బంద్. పరగడుపున నూట పద్దెనిమిది వస్తుంది. "బాగా కంట్రోల్ చేశారండీ" అని డాక్టరుగారు మెచ్చుకుంటారు. ఆ మెప్పు బరువుకి ఆకలేసి, దారిలో ఐలాండ్ సెంటర్లో దిగి బిర్యానీ తిని ఇంటికొస్తారు.

ఈ ఏర్పాటు ఎన్నో ఏళ్లు సాఫీగా నడిచింది. హెచ్‌బీఏ1సీ పరీక్ష వచ్చి మన నోటి దగ్గర కూడు తీసింది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. బతికినన్నాళ్లూ చుట్టూ ఎంత చక్కెర తిరిగితే, అందులోని హిమోగ్లోబిన్‌కి అంత అంటుకుంటుంది. రెండు రోజుల ఉపవాసాన్ని అది ఖాతరు చెయ్యదు. రెండు నెలల కిందటి గృహప్రవేశంలో తిన్న లడ్లు కూడా లెక్కలోకి తెస్తుంది. దీనికి మా వీధిలో ఒక సున్నపు బట్టీ ఓనరు తిరుగులేని విరుగుడు కనిపెట్టాడు. ఆ పరీక్ష చేయించుకోడు.

అసలు షుగరు విషయంలో పల్నాటివాళ్లం ముందుగా కేసు పెట్టాల్సింది శ్రీనాథుడి మీద. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారి, భోజనప్రియుడు. అలాంటి మనిషి ఈ సీమకొచ్చి, ఇక్కడ పొద్దున లేస్తే జొన్నలు తప్ప ఇంకోటి కనపడదని చాటువు చెప్పి నవ్విపోయాడని ప్రతీతి. అయిదొందల ఏళ్లకి పైగా ఆ పరాభవం దిగమింగి కూర్చున్నాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204, మనం సాంబమసూరి అని పిలుచుకునే సన్నరకం, బయటికొచ్చింది. ఇంకేం కావాలి! పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సన్నన్నం, రాత్రి సన్నన్నం, మిగిలితే మర్నాడు పులిహోర. శ్రీనాథుడి మీద పగ పూటకి మూడు వాయిలు చొప్పున తీర్చుకున్నాం.

పగ తీరి రెండు తరాలు గడిచాయో లేదో, డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు: "రాత్రికి జొన్నరొట్టె." మహాకవి ఎద్దేవా చేసిన భోజనమే ఇప్పుడు వైద్యం. కాకపోతే అప్పుడది లేనివాడి గిన్నెలో ఉండేది, ఇప్పుడు ఏసీ షాపులో అద్దాల వెనక కూర్చుంది. జొన్నకలి తిన్న తాతకి పొట్ట లేదని మనవడు ఫొటో చూపించి మురుస్తుంటాడు. తాత పొద్దు పొడవకముందే గొర్రు కట్టి పొద్దుగూకాక ఇల్లు చేరేవాడన్న సంగతి ఫొటోలో పడలేదు మరి.

జొన్నకి మహిమలేమీ లేవు. నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములైతే జొన్నల్లో 68. పీచు మాత్రం బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నల్లో పది. అంచేత జొన్న నిదానంగా అరిగి, చక్కెరని నిదానంగా రక్తంలోకి వదులుతుంది. వదలడమైతే వదులుతుంది. మా బాబాయి ఒకాయన "అన్నం మొహం చూసి ఆర్నెల్లయింది" అని అందరికీ చెప్తాడు. నిజమే, చూడ్డంలేదు. పూటకి ఆరు జొన్నరొట్టెలు, గిన్నెడు బంగాళాదుంప వేపుడు చూస్తున్నాడు.

బియ్యం కొట్టువాడు మాత్రం తక్కువ తిన్నాడా? "షుగర్ బియ్యం" అని విడిగా బస్తాలు పేర్చాడు. అందులో అబద్ధమేమీ లేదు. 2015లో విడుదలైన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048 రకాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షిస్తే, తిన్నది రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ 51 చిల్లర వచ్చింది. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. అయితే ఆ కొలత మనిషికి ఒక కొలిచిన మోతాదు పెట్టి తీసింది. మన ఇళ్లలో మోతాదు తప్పేళా చూసి నిర్ణయమవుతుంది. బస్తా దిగిన రోజు నుంచి "ఇది షుగరు బియ్యమేగా, ఇంకాస్త వెయ్యి" అని మారు వడ్డన మొదలవుతుంది. భారతీయుడు తినే తిండి శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని మొదట చెప్పిన దేశవ్యాప్త సర్వే బృందమే 2025లో చెప్పింది. కూర నంజుకోవడానికి, అన్నం తినడానికి అన్న మన వరసని తిరగెయ్యాలి. సగం పళ్లెం దోసకాయో, బీరకాయో, గోంగూరో ఉండాలి. పావు భాగం గట్టి పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావుకే అన్నం. గోంగూర అంటే కూర సంగతి చెప్తున్నా, నూనెలో తేలే ఊరగాయ జాడీ గురించి కాదు.

షుగరు తగ్గిస్తామనే గురువుల విషయం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఈ వ్యాసం అచ్చయ్యేలోగా కొత్తాయన వచ్చేస్తాడు. ఒక ఏడు ఊరంతా కొబ్బరినూనె తాగి నిమ్మకాయలు పిండింది. తర్వాత సిరిధాన్యాలొచ్చాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో కొర్రలకి, అండుకొర్రలకి ఎక్కడ లేని హోదా వచ్చింది. వీటన్నిటి కింద పారే ఏరు మాత్రం చేదు వైద్యం. కాకరరసం, నేరేడు గింజల పొడి, పొడపత్రి, వేపచిగురు. తీపి ఎక్కువైంది గనక చేదు పోస్తే చెల్లుకి చెల్లు అని లెక్క. గ్లాసుడు కాకరరసం గుటక్కున మింగిన మనిషికి మైసూర్‌పాక్ మీద ఒక నైతిక హక్కు వస్తుంది.

బ్రిటన్లో చేసిన డైరెక్ట్ అనే పరిశోధన కూడా ఫోన్లలో మన దాకా వచ్చింది, దారిలో ఆకుపసరుగా మారి. దాని సంగతి 2017 డిసెంబరులో వెలువడింది. షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లని తీసుకుని, డాక్టర్ల నిఘాలో కొన్ని నెలలు రోజుకి సుమారు 850 కేలరీలే పెట్టి బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకొచ్చింది. పదిహేను కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. బరువు మళ్లీ పెరిగితే షుగరూ తిరిగొస్తుంది. మన ఫోన్లలో తిరిగే మెసేజీలో ఈ పదిహేను కిలోల ముచ్చట ఉండదు.

కల్యాణమండపాల్లో ఇప్పుడు "షుగర్ వారికి" అని పుల్కా కౌంటరు పెడుతున్నారు. మంచి మర్యాద. నేను గమనించినంతలో ఆ కౌంటరుని మనవాళ్లు టిఫినుకి వాడుకుంటున్నారు, భోజనం యథాప్రకారం బిర్యానీ దగ్గర. చివర్లో బొబ్బట్టు వడ్డించే కుర్రాడితో "నాకు షుగరయ్యా, ఒకటే వెయ్యి" అని దీనంగా చెప్పి, వాడు వేసిన రెండోదాన్ని పారెయ్యడం పాపం గనక తింటారు.

మందుల దగ్గరికొచ్చేసరికి పౌరుషం అడ్డొస్తుంది. కారంపూడి యుద్ధం చేసిన గడ్డమీద పుట్టి ఒక తెల్లబిళ్లకి లొంగిపోవడమా? "మాత్రలకి అలవాటుపడితే కిడ్నీలు పోతయ్యంట" అని టీ బంకు దగ్గర వైద్యసభ తీర్మానిస్తుంది. మెట్‌ఫార్మిన్ వాడకంలోకి వచ్చింది 1957లో. దాని మంచిచెడ్డలు తెలుసుకోవడానికి ప్రపంచానికి చాలినంత కాలం దొరికింది. కిడ్నీలని ఎక్కువగా తినేది అదుపు తప్పిన షుగరూ, దానికి తోడైన బీపీ. కిడ్నీ ముందే దెబ్బతిని ఉంటే మోతాదు మార్చాల్సింది డాక్టరు, బంకు దగ్గరి సభ కాదు. అలాగే మాత్రో ఇన్సులినో వేసుకుని, తిండి మానేసి, షుగరు పడిపోయి, చెమటలు పట్టి వణుకుతున్న మనిషికి చక్కెర నీళ్లిస్తే "నాకు షుగరు, తాగకూడదు" అంటాడు. జీవితంలో ఒక్కసారి చక్కెర మందైన క్షణంలోనే ఆయనకి పథ్యం గుర్తొస్తుంది.

ఇక నడక. వారానికి 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడవమంటారు. మన దగ్గర దీనికి రుతువుకో అభ్యంతరం ఉంది. వేసవిలో రెంటచింతల ఎండ మన దాకా వస్తుంది, వానల్లో బురద, చలికాలంలో మంచు, ఏడాది పొడుగునా ముగ్గు మిల్లుల దుమ్ము. అద్దంకి–నార్కెట్‌పల్లి హైవే మీద నడిస్తే షుగరు కన్నా ముందు లారీ తీసుకుపోతుంది. ఈ ఒక్క అభ్యంతరం మాత్రం నేనూ ఒప్పుకుంటాను. దేశానికి సున్నం పంపే ఊళ్లో మనిషి నిశ్చింతగా నడిచే జాగా ఎంతుందో మున్సిపాలిటీ వాళ్లే చెప్పాలి. అయినా తిన్న తర్వాత సొంత డాబా మీద పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరగడానికి ఏ లారీ అడ్డు? భోంచేశాక అలా తిరిగితే ఆ పూట పెరిగే చక్కెర తగ్గుతుంది. మనం ఆ పదిహేను నిమిషాలూ సీరియల్‌కి ఇచ్చేశాం. హైస్కూలు గ్రౌండుకి వెళ్లేవాళ్లలోనూ కొందరు కొత్త బూట్లతో మూడు చుట్లు కొట్టి, చక్కెర లేని టీతో నాలుగు మిరపకాయ బజ్జీలు లాగించి, నడకలో కరిగించినదాన్ని వడ్డీతో సహా తెచ్చుకుంటున్నారు.

సున్నపు బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకి ఈ ఎకసెక్కాలేవీ వర్తించవు. రోజంతా సెగలో రాయి మోసేవాడికి వ్యాయామం చెయ్యమని చెప్పే నోరు నాకు లేదు. ఆసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది, అందుకే అక్కడ షుగరు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఏళ్ల తరబడి అదుపు తప్పితే కాళ్ల నరాలు మొద్దుబారతాయి. కాల్చిన సున్నం తడి తగిలితే సలసలా కాగుతుంది. చెమటపట్టిన పగుళ్ల అరికాలికి అది అంటుకుని కాలుతున్నా ఆ మనిషికి తెలియదు. తెలిసేసరికి పుండు, అశ్రద్ధ చేస్తే వేలు, ఆపైన కాలు. సున్నం పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, తర్వాత ధారాళంగా నీళ్లు పొయ్యాలి. మూసి ఉండే బూట్లు కొనివ్వాల్సింది ఓనర్లు. పరీక్ష చేయించుకోని మా వీధి ఆయనతో సహా.

షుగరున్నవాళ్లు రోజూ రాత్రి కాళ్లు కడుక్కుని, వేళ్ల సందుల్లో తడి తుడిచి, అరికాళ్లు అద్దంలో చూసుకోండి. ఏడాదికోసారి కంటి రెటీనా, మూత్రంలో అల్బుమిన్, పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో డబ్బుల్లేకుండా చేస్తారు. మీరు వెళ్లకపోతే ఏఎన్ఎం అమ్మాయే మిషను పట్టుకుని ఇంటికొస్తుంది. "ఇప్పుడే ఇడ్లీ తిన్నానమ్మా, రేపు రా" అని గుమ్మంలోంచి పంపించెయ్యకండి. తిన్న తర్వాత కూడా చూడొచ్చు. వేలివ్వండి.