జోడుకనుల ఫోను పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

చూడచక్కనైన జోడుకనుల ఫోను
వెలయు నిరువదైదు వేల నుండి
నీట మునిగి లేచి నిలిచి వెలుగు నండ్రు
షరతులన్ని చుక్క చాటునుండు

అవతారిక: కొత్త ఫోను వచ్చింది, పాత ఫోను ధర తగ్గింది, రాబోయే ఫోను ఫొటో బయటపడింది అని వారం వారం వార్తలు వస్తూనే ఉంటాయి. వాటన్నిటినీ వడగడితే మిగిలేది ఈ ఆటవెలదే. పద్యం నాది, పదార్థం కంపెనీల వారిది. మెతుకుసీమ వాడైన కొలచాల మల్లినాథసూరి వ్యాఖ్యానానికి రెండు నియమాలు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది పాటిస్తే ఫోన్ల మీద రాయడానికి ఏమీ మిగలదు.

ప్రతిపదార్థం: చూడచక్కనైన = చూచుటకు చక్కనిదైన (షాపులో గాజుబల్ల మీద ఉన్నంతసేపు అని భావం; కొన్న అయిదో నిమిషాన నల్ల పౌచ్ తొడిగిస్తాం); జోడుకనుల = రెండు కెమెరాలు గల; ఫోను = సుగమము; ఇరువదైదు వేల నుండి = రూ. 24,999 మొదలుకొని; వెలయు = ఉదయించును; నీట మునిగి లేచి = నీటిలో మునిగి పైకి వచ్చి; నిలిచి = చెడక; వెలుగున్ = ప్రకాశించును; అండ్రు = అని అందురు; షరతులన్ని = నియమములన్నియు; చుక్క చాటున్ = నక్షత్రపు గుర్తు వెనుక; ఉండు = ఉండును.

తాత్పర్యం: ఫోను వచ్చింది. కొనండి.

పాఠాంతరం: విడుదలకు నెల ముందే లీకుల రూపంలో ప్రచారమైన ప్రతుల్లో ‘మూడుకనుల ఫోను’ అని ఉంది. ఛందస్సు పేరు చెప్పి దీన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు, చూడ-మూడు అని ప్రాసయతి చెల్లుతోంది. అర్థం చేతనే తేల్చాలి. ముక్కంటి అయితే మూడో కన్ను తెరిచినప్పుడు ఏదో ఒకటి జరగాలి. చవక ఫోన్లలో మూడో కన్ను తరచు 2 మెగాపిక్సెళ్ల మ్యాక్రో. తెరిచినా ఏమీ జరగదు. కాబట్టి జోడుకనులే సాధుపాఠం. అందులోనూ పెద్ద కన్ను 50 మెగాపిక్సెళ్లని పెట్టెమీద ఉంటుంది గాని, మామూలుగా నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల బొమ్మనే చేతిలో పెడుతుంది. దీన్ని మోసమనకూడదు, వెలుతురు తక్కువైన చోట బొమ్మ నిజంగానే బాగుంటుంది. పెట్టెమీద ఆ పన్నెండున్నర ఎందుకు వేయరని మాత్రం అడగకూడదు.

వెలయు: ఇందులో ‘వెల’ దాగి ఉండటం శ్లేష.

నుండి: ధరకు ముందు లేదు, వెనుక ఉంది, అక్షరం చిన్నది. కావ్యభారమంతా దీని మీదే. 24,999 అన్నది తక్కువ మెమరీ ఉన్న ప్రతికి, అదీ ఫలానా బ్యాంకు కార్డు ఉంటే. మెమరీ సంగతీ చూడండి. 128 జీబీ అని వేయడం వెయ్యేసి చొప్పున లెక్క, 1024 చొప్పున లెక్కిస్తే అది 119. అందులోనే ఆపరేటింగ్ సిస్టమ్ కాపురం ఉంటుంది. గేమ్ కన్సోళ్లదీ ఇదే సంప్రదాయం. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో 825 జీబీ ఉంటే, ఆటలు దాచుకోవడానికి దక్కింది సుమారు 667. టీవీల్లో 4కె అనేదానికి అడ్డంగా లెక్కపెడితే 3840 చుక్కలే ఉంటాయి. నాలుగు వేలు దాటి 4096 ఉండేది సినిమా వాళ్ల 4కెలో.

వేదాంతులకు మాత్రం 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 చూడమని చెబుతాను. దానికి ‘గేమ్ కీ కార్డు’ అనే ఒక జాతి ఉంది. డబ్బిచ్చి కార్డు కొంటాం, కన్సోల్‌లో పెడతాం, అందులో ఆట ఉండదు. తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆటను ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. పోనీ దింపుకున్నాక కార్డు పారేద్దామా అంటే, ఆడిన ప్రతిసారీ కార్డు లోపల ఉండాల్సిందే. దేహంలో ఆత్మ లేదు, ఆత్మకు దేహం లేనిదే గడవదు. డబ్బా మీద ఈ సంగతి రాసే అమ్ముతున్నారు కనుక వాదానికి తావులేదు.

నీట మునిగి: ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఆగాలి.

శంక: పెట్టెమీద ఐపీ68 అని ఉంది. ఇంకా సందేహమెందుకు?

సమాధానం: ఆరు దుమ్ముకు, ఎనిమిది నీటికి. ఆ చోట ఏడు ఉంటే మీటరు లోతున అరగంట అని ప్రమాణమే చెబుతుంది. ఎనిమిది అంతకంటే కఠినం, కాని ఎంత లోతు, ఎంతసేపు అనేది తయారుచేసినవాడు చెప్పుకున్నదే. అందుచేత ఒక కంపెనీ ఎనిమిదీ ఇంకో కంపెనీ ఎనిమిదీ ఒకటి కానక్కర్లేదు. తరచు వినబడేది మీటరున్నర, అరగంట. నీళ్లు మంచినీళ్లు, ప్రయోగశాలలో కదలక మెదలక ఉన్నవి.

శంక: అయితే భీమిలి సముద్రంలో?

సమాధానం: ఉప్పునీళ్లు ఆ పరీక్షలో లేవు.

శంక: గోదావరి పుష్కరాల్లో?

సమాధానం: మంచినీళ్లే, కాని కదులుతాయి. పైగా అక్కడ మునిగేవాళ్లు పోగొట్టుకోదలచింది పాపాన్ని, ఫోనును కాదు.

ఇది ఒట్టి పాండిత్యం కాదు. నీటి విషయంలో ఐఫోన్ ప్రకటనలు పరీక్ష ఎలాంటి నీళ్లలో జరిగిందో సరిగా చెప్పలేదనీ, తడిసి చెడితే వారంటీ వర్తించదంటున్నారనీ ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020లో యాపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. ఈత కొలనుల్లో, సముద్రంలో ఫోన్లను చూపించిన ప్రకటనలకు 2022లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శాంసంగ్ చేత కోటీ నలభై లక్షల ఆస్ట్రేలియా డాలర్లు కట్టించింది. అక్కడ చిక్కు చార్జింగ్ రంధ్రంతో వచ్చింది. తడి ఆరకముందే చార్జింగ్ పెడితే అది తుప్పు పట్టవచ్చు.

అలంకారం: నీటిలో తడిసినా చెడదు, తడిసి చెడితే వారంటీ లేదు. కొందరు దీన్ని విరోధాభాస అంటారు. ఆభాస కావాలంటే విరోధం పైకి మాత్రమే కనబడి లోపల సమసిపోవాలి. ఇక్కడ సర్వీస్ సెంటర్ వరకూ వెళ్లినా సమసిపోదు. కాబట్టి ఇది విరోధమే.

అండ్రు: క్రియ ఉంది, కర్త లేడు. ఎవరు అందురు? కంపెనీ అనదు, ‘పరీక్షల్లో తేలింది’ అంటుంది. షాపువాడు అనడు, ‘కంపెనీవాళ్లు చెప్పారు’ అంటాడు.

చుక్క చాటున్: ష-చా యతి చెల్లింది. ఈ పద్యంలో షరతుల్లేకుండా చెల్లింది అదొక్కటే. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన తప్పుదోవ ప్రకటనల నివారణ మార్గదర్శకాల ప్రకారం షరతు అనేది ముఖ్య విషయాన్ని దాచకూడదు, ప్రకటన ఏ భాషలో ఉంటే అదే భాషలో, మామూలు చూపున్నవాడు చదవగలిగేలా ఉండాలి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో వివరించే ప్రకటనకర్తలు ఈ శాస్త్రాన్ని ఇంకా అధ్యయనం చేస్తున్నట్టున్నారు.

చివరి శంక: ఇంత టీక ఎందుకు, షాపులో కుర్రాణ్ణి అడిగితే చెప్పడా?

సమాధానం: అడగండి. ‘అది స్టాకు లేదు సార్, అదే రేటులో ఇంకో మోడల్ చూపిస్తా’ అంటాడు. దానికి పద్యం వేరు.