చెప్పకుండా వస్తేనే ముద్ద

కర్ణాటకలో మా బాగేపల్లి పల్లెల్లో ఇంటికొచ్చిన మనిషిని "భోంచేస్తారా?" అని అడగరు. అడిగితే వద్దంటారని తెలుసు. "కాళ్లు కడుక్కోండి" అంటారు. కడుక్కుంటే కూర్చున్నట్టే, కూర్చుంటే తిన్నట్టే. చింతామణి వైపూ ఇదే పద్ధతి. చిక్కబళ్లాపురం టౌనులో మాత్రం కాళ్ల మాట పోయి "కాఫీ తాగుతారా?" అనే ప్రశ్న మొదలైంది. బెంగళూరు సుమారు 60 కిలోమీటర్లే మరి, ఆ గాలి తగలదా?

మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పెళ్లిపత్రిక కన్నడలో అచ్చేస్తాం, పెళ్లిలో అలిగేది తెలుగులో. 2007లో కోలారు నుంచి విడదీసి మాకు వేరే జిల్లా ఇచ్చారు గానీ, పొయ్యి మీద ఉడికేది అక్కడా ఇక్కడా రాగి ముద్దే.

చిక్కంతా ఆ ముద్దతోనే. అది ఇంటివాళ్ల తిండి. చుట్టమొస్తే వరన్నం వండాలి. వానను నమ్ముకున్న మెట్టనేల మాది, చెరువు నిండితేనే వరి. అందుకని తెల్లన్నం పండగకీ అల్లుడికీ అని మా అవ్వ తరం లెక్క. ఈలోగా లోకం తిరగబడింది. షుగర్ డాక్టర్లు రాగి తినమన్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది. మా చిన్నాన్న కొడుకు బెంగళూరు నుంచి వచ్చి, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుందని అవ్వకు పాఠం చెప్పాడు. అంతా విని ఆమె, "పాపం, అక్కడ బియ్యం దొరకవేమో" అంది.

"అవ్వా, నాకు ముద్ద చాలు."

"ఊరుకో నాయనా, ఇంటికొచ్చినోళ్లకు ముద్ద పెడితే నలుగురూ ఏమనుకుంటారు?"

వాడికి చిత్రాన్నం, అప్పడం, పాయసం. లోపల వంటింట్లో మేము తలుపు దగ్గరేసుకుని ముద్ద, బస్సారు. ఆ వాసనకు వాడి పాయసం చల్లారిపోయింది.

బస్సారంటే పెద్ద విద్యేమీ కాదు. ఆకుకూర, అలసందలు కలిపి ఉడికించి నీళ్లు వార్చాలి. ఆ నీళ్లలో ఎండుమిరప, కొబ్బరి, వెల్లుల్లి నూరి కలిపి, చింతపండు పులుసు పోసి మరిగిస్తే చారు. మిగిలిన ఆకూ గింజలూ తాలింపు వేస్తే కూర. ముద్దకే ఓపిక కావాలి. ఎసరు మరిగాక ఉప్పేసి, నీళ్లలో సగం కొలత పిండి కుప్పగా పోయాలి. వెంటనే కెలికితే ఉండలు కడుతుంది. చుట్టూ నీళ్లు పొంగి పిండి ఉడికేదాకా చేతులు కట్టుకోవాలి. ఆ తర్వాత గిన్నె దించి, కదలకుండా అదిమిపట్టి, కట్టెతో బలంగా కెలకాలి. ఆ సమయంలో చుట్టాలు "నేనూ ఓ చెయ్యి వేస్తా" అని ముందుకు రాకపోవడం మంచిది.

అనపకాయల కాలంలో, అంటే డిసెంబరు, జనవరిలో, సాయంత్రం వచ్చిన చుట్టానికి ఎలాగూ పని తప్పదు. నానిన గింజల గిన్నె ముందు పెడతారు. కబుర్లు చెబుతూ పితకాలి. ఎన్ని కబుర్లుంటే రేపటికి అంత పితికి పప్పు.

తినడంలోనూ మర్యాద ఉంది. ముద్దను తుంచి, చారులో ముంచి, మింగాలి. నమిలితే పళ్లకు అతుక్కుని మాట రాదు. అలా నమిలే కొత్తవాళ్లను ఇంటివాళ్లు ఏమీ అడక్కూడదు. మా మామ సరిగ్గా అప్పుడే జీతమెంతని అడుగుతాడు. రెండో ముద్ద వద్దని పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టకండి. ఆవిర్లు కక్కే ముద్దను ఆ చేతిలోనే పెడతారు. "సగం" అనండి. మా లెక్కలో సగమంటే ముప్పాతిక, అయినా నయమే.

బయల్దేరేటప్పుడు "పోతాం" అనకూడదు, "పోయొస్తాం" అనాలి. చింతామణి వైపైతే ఉత్తచేతుల్తో పంపరు. టమాటా ధర పడిపోయిన వారమైతే ఏకంగా బస్తాతో పంపుతారు. వద్దంటే బాధపడతారు, తీసుకోండి.

నిజంగా ముద్దే తినాలనుంటే మాత్రం ఫోన్ చేసి రాకండి. ఫోన్ చేస్తే అన్నమూ పాయసమే గతి. చెప్పాపెట్టకుండా, మధ్యాహ్నం ఇంటావిడ కట్టె పట్టుకున్న సమయానికి వచ్చి వాకిట్లో నిలబడండి. "ఒక మాట చెప్పి రాకూడదా" అని సణుగుతూనే ఆవిడ కాళ్లకు నీళ్లిస్తుంది.