బోరుకొచ్చీసిన బండి: మూలం, టీక, తాత్పర్యం

మూలం: "మేస్త్రిగోరూ! బండి పొగొదుల్తంది. గాటీలో లాగట్నేదు. ఇంజను బోరుకొచ్చీసింది, దింపీండి."

అవతారిక. నెల్లిమర్ల చుట్టుపక్కల తిరిగే లారీకి ఒక్క స్వభావం ఉండదు. జూటుమిల్లుకు గోగునార తోలితే లోడు ఎత్తు ఎక్కువ, బరువు తక్కువ. గరివిడి వైపు మాంగనీసు రాయి ఎత్తితే తొట్టి సగం నిండకముందే బరువు హద్దు దాటిపోతుంది. కిరాయి కుదిరితే అదే బండి సాలూరు దాటి, సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ పోతుంది. ఇన్ని వేషాలు కట్టే ఇంజను ఒకనాడు మొరాయిస్తుంది. అప్పుడు షెడ్డు ముందు బండి ఆపి డ్రైవరు పలికేదే పై మూలం. వక్త డ్రైవరు, శ్రోత మేస్త్రి, ఖర్చు ఓనరుది. ఇందులో మొదటి రెండు వాక్యాలు సాక్ష్యం. మూడోది, అంటే సిలిండరు గోడలు అరిగిపోయి ఇంజను బోరు పనికి వచ్చేసిందన్నది, తీర్పు. నడుమ ఉండాల్సిన విచారణ గ్రంథపాతమైంది. దాన్ని పూరించకుండా స్పానరు పట్టకూడదన్నది ఈ వ్యాఖ్యాత పక్షం.

ప్రతిపదార్థం. పొగ అనగా ఏ పొగ? విశేషణం లేదు. నల్లపొగ అయితే డీజిలుకు సరిపడా గాలి అందలేదని అర్థం: ఎయిర్ ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు, టర్బో గొట్టం చిరిగి ఉండవచ్చు, నాజిల్ తుంపరగా కాక ధారగా కొడుతూ ఉండవచ్చు. నీలిపొగ అయితే ఇంజనాయిలు కాలుతోంది. తెల్లపొగ అయితే అంటుకోని డీజిలు ఆవిరై పోతోంది. బండి వేడెక్కాక కూడా అది ఆగక, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే నీరు సిలిండరులోకి దారి చేసుకుందని అనుమానించాలి. కొండమీద పొగ ఉంది గనుక నిప్పు ఉందని అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన ప్రతివాడికీ తెలుసు. పక్కనే విజయనగరం సంస్కృత కళాశాలలో తరాల తరబడి ఇదే వల్లించారు. కానీ రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన యంత్రం దగ్గర ఈ అనుమానం తిరగబడుతుంది. ఇందులో ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. గాలిని దాదాపు పదిహేడో వంతుకు నొక్కితే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు దానంతటదే అంటుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను తార్కికులు చెప్పే కాలిన ఇనుపగుండు లాంటిది: లోపల నిప్పుంటుంది, పొగ కంటికి ఆనదు. పొగ దట్టమైందంటే నిప్పు సరిగా పని చెయ్యడం లేదన్నమాట. ఎందుకు చెయ్యడం లేదన్నది మాత్రం పొగ చెప్పదు. పొగకూ బోరుకూ వ్యాప్తి, అంటే ఒకటుంటే రెండోది తప్పక ఉండే సంబంధం, లేదు.

లాగట్నేదు. ఇది ఇంజను మీద వేసిన నింద, కానీ ముద్దాయి ఇంజనే అని రుజువేదీ? బ్రేకు పట్టేసి చక్రం బిగుసుకున్నా బండి లాగదు. డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే వేడి చెప్పేస్తుంది. క్లచ్చు జారితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. డీజిల్ ఫిల్టరు మూసుకుపోయినా, పైపు జాయింటులో ఎయిర్ పట్టినా, ఆక్సిలరేటరు లింకు పూర్తిగా తెరుచుకోకపోయినా ఘాటీ ఎక్కేటప్పుడే బయటపడుతుంది, ఎందుకంటే పల్లంలో ఎవరూ పూర్తి బలం అడగరు.

బోరుకొచ్చీసింది. క్రియ భూతకాలంలో ఉంది, చూసి వచ్చినట్టు. చూసినదేమీ లేదు. చూడాలంటే దారులున్నాయి. ఇంజను తిరుగుతుండగా బ్రీదరు గొట్టంలోంచి దట్టంగా, ఒత్తిడితో పొగ తన్నుతోందా? ఆయిలు ఎన్ని కిలోమీటర్లకు ఎంత తాగుతోంది? నాజిళ్లు తీసి గేజి బిగించి కంప్రెషన్ చూస్తే ఆరు సిలిండర్లలో ఎవరు వెనకబడ్డారు? విడిగా ఒక అంకె కంటే అంకెల మధ్య తేడాకే విలువ. పక్కపక్క రెండు సిలిండర్లు మాత్రమే పడిపోతే ముందుగా హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. పని హెడ్డుతోనే తేలిపోవచ్చు. పాత లైను పంపు బండ్లలో నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసి, ఏది వదిలినప్పుడు శబ్దం మారదో ఆ సిలిండరు పని చెయ్యడం లేదని పట్టుకుంటారు. కామన్ రైలు బండిలో ఈ పాఠం చెల్లదు. అక్కడి పైపులో ఒత్తిడి వెయ్యి బార్ దాటి పోతుంది. చిమ్మిన డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

పూర్వపక్షం. "ఇన్ని పరీక్షలకు టైమెక్కడిది? వాయిదా ఆగదు, బండి నిలబడ్డ ప్రతి రోజూ నష్టమే. కొత్త కిట్టు వేసేస్తే పీడ వదులుతుంది కదా." ఓనరు బాధ నిజమే, దాన్ని కొట్టిపారెయ్యకూడదు. కానీ ధారగా కొట్టే నాజిల్ సిలిండరు గోడమీది ఆయిలు పొరను కడిగేసి పిస్టన్ను అరగదీస్తుంది. ఆ నాజిల్‌ను అలాగే ఉంచి కొత్త పిస్టన్ వేస్తే దానికీ అదే గతి. ఫిల్టరు తర్వాతి గాలి గొట్టంలో చిన్న చీలిక ఉంటే మాంగనీసు ధూళి నేరుగా లోపలికి పోతుంది. రింగులకు అంతకంటే శత్రువు లేదు. చీలిక వెతకడానికి పూటైనా పట్టదు. వెతకకపోతే ఆర్నెల్లకు బండి మళ్లీ అదే షెడ్డు ముందు నిలబడుతుంది. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. బండిలో లేని రోగానికి బిల్లు రాయకపోవడం మేస్త్రికి ఆ కోవలోని నియమమే.

రెండో ఆక్షేపం ఇంకా బలమైనది. చేయి తిరిగిన మేస్త్రికి చెవే గేజి, వింటే చాలదా? చెవి అనుమానాన్ని సరైన చోటికి తోలుతుంది, అంతవరకు ఒప్పుకోవాలి. తీర్పు మాత్రం చెప్పలేదు. డబడబమని కొట్టుకునే సిలిండరుకు డీజిలు ఆపితే శబ్దం తగ్గిందనుకోండి. నాజిల్ దోషమైనా తగ్గుతుంది, బిగ్ ఎండ్ బేరింగు అరిగినా తగ్గుతుంది. అక్కడ తేల్చేది ఆయిల్ ప్రెషరూ, చాంబరు (అడుగు ఆయిలు తొట్టి) విప్పితే అడుగున మెరిసే లోహపు పొడీ.

సిద్ధాంతం. పరీక్షలన్నీ బోరు వైపే చూపితే ఇంజను దించాల్సిందే, అప్పుడు లోభం పనికిరాదు. అయితే బోరు అన్న పనికూడా అన్ని ఇంజన్లలో ఒకటి కాదు. లైనరున్న ఇంజనులో పాతది పీకి కొత్తది దించుతారు. టాటా లారీల్లో వచ్చిన 5.9 లీటర్ల కమ్మిన్స్ 6బీటీలో లైనరే లేదు. బ్లాకునే లేతు షాపులో కోసి ఓవర్‌సైజు పిస్టన్లు వెయ్యాలి. క్రాంకు జర్నలును రెండు దిశల్లోనూ కొలవాలి, కోలగా అరిగితే ఒక దిక్కు కొలత అబద్ధమాడుతుంది. గ్రైండింగు పది, ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతు) లెక్కన ఎంత చేస్తే అంతకు తగిన బేరింగులే పడాలి. గ్రైండింగు పొడి క్రాంకు ఆయిలు రంధ్రాల్లో మిగిలితే కొత్త బేరింగులకు అదే ఆకురాయి. హెడ్డు బోల్టులు నడుమ నుంచి అంచులకు, టార్కు రెంచితో విడతలుగా బిగించాలి.

విశేషం. కొత్త రింగులు గోడకు కుదురుకోవాలని ఇంజన్ను గంటల తరబడి ఐడిలింగులో ఉంచడం తప్పు. బరువు లేకపోతే రింగు గోడకు ఒత్తుకోదు, గోడ నునుపెక్కి ఆయిలు తాగడం మొదలవుతుంది. షెడ్డులోంచి బండి తీసిన మర్నాడే మాంగనీసు ఎత్తి ఘాటీ ఎక్కించడం అంతకంటే తప్పు. ఈ విషయంలో నెల్లిమర్ల లారీ అదృష్టవంతురాలు: మొదటి ట్రిప్పులకు మధ్యస్థంగా గోగునార లోడు కట్టి, స్పీడు మారుస్తూ, రేడియేటరు నీళ్లూ ఆయిలు మట్టమూ ప్రతి మజిలీలో చూసుకుంటూ తోలితే చాలు.